తొమ్మిది నిమిషాల మావయ్య

షోరూములో ఈ కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అరవై దాటిన టైపు టీచరమ్మ ఒకావిడ వచ్చి, కార్ల ఆటలో మావయ్యను చిత్తుచిత్తుగా ఓడించిందట. అదీ కంపెనీ మనిషి కళ్ళెదుట. ఆ అవమానం దిగమింగుకోలేక ఆయన మెడలోని కార్డు తీసి బల్ల మీద పడేసి, రాజీనామా రాసిచ్చి, వెనక గుమ్మం నుంచి తల వంచుకుని వెళ్ళిపోయాడట. ఆ టీచరమ్మకు ఉప్పందించి తీసుకొచ్చింది మరెవరో కాదట, ఆయన సొంత మేనకోడలేనట. గోడౌనులో పెట్టెలు మోసేవాళ్ళ దగ్గర కథ ఇంతవరకే ఉంటుంది. బిల్లుల కౌంటరు దగ్గరికి వచ్చేసరికి టీచరమ్మ వయసు డెబ్బై దాటుతుంది. ఎదుటి టీకొట్టు చేరేసరికి ఆవిడ ఒంటిచేత్తో ఆడి గెలిచి ఉంటుంది.

మేనకోడలు ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుని ఇదంతా వింటుంది. ఔననదు, కాదనదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు నోరు తెరిస్తే అది కంపెనీ మాటైపోతుందని ఆమెకు మొదటిరోజే చెప్పారు. పైగా కథలో కొంత నిజం ఉంది. ఎంతన్నది తేలాలంటే ముందు ఆ మావయ్య ఎలాంటి మనిషో తెలియాలి.

ఆయనకు అమ్మడం తప్ప మరో విద్య రాదు. మీసాలు రాకముందే టార్చిలైట్లు అమ్మాడు. కొన్నవాడు వీధి మలుపు తిరిగేదాకా బ్రహ్మాండంగా వెలిగే రకం. తర్వాత గొడుగులు అమ్మాడు, అదీ మండే ఎండల్లో. వానలు మొదలయ్యేసరికి ఆ వీధిలో ఆయనా లేడు, ఆయన బండీ లేదు. ఇంట్లోవాళ్ళు దీన్ని చురుకుదనం అన్నారు. "మా తమ్ముడు రాయినైనా అమ్మేస్తాడు" అని మేనకోడలి తల్లి మురిసిపోయేది. ఆ రాయి కొనుక్కుపోయినవాళ్ళ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఈ షోరూములో చేరాడు. ఆయన చేరిన ఏడాదే పల్చటి ల్యాప్‌టాప్‌లు దిగాయి. పెట్టె మీద నిప్పులు కక్కుతూ పోయే కారు బొమ్మ, దాని కింద 'ఆటలకూ ఇదే మేటి' అన్న ముక్క. మావయ్య వాటిని చూడగానే మనసు పారేసుకున్నాడు. లోకంలో సన్నగా ఉన్నదల్లా గొప్పదని ఆయన సిద్ధాంతం, ఒక్క తన పొట్టను మినహాయించి. ల్యాప్‌టాప్‌ను మూడు వేళ్ళ మీద నిలబెట్టి పళ్ళెంలా తిప్పేవాడు. కాగితాలు పెట్టుకునే కవరులోంచి గారడీవాడిలా బయటికి లాగేవాడు. "బరువు చూడండి సార్, మీ చేతి గడియారమే దీనికన్నా బరువు!" అనేవాడు. చేతికి గడియారం లేనివాడు కూడా తలూపేవాడు.

తంటా అంతా ఆట మొదలుపెట్టాకనే. ఆట అంటే యంత్రానికి చాకిరీ. చాకిరీ చేస్తే ఒళ్ళు వేడెక్కుతుంది. లావుపాటి ల్యాప్‌టాప్‌లో అయితే ఆ వేడి బయటికి పోవడానికి పెద్ద ఫ్యాన్లు, గాలి తిరిగే చోటు ఉంటాయి. ఈ రేకుముక్కలో చోటెక్కడిది? అరచేతిలో ఇమిడిపోయే ఫ్యాను ఈలలు వేసి వేసి అలిసిపోతుంది. పదో నిమిషానికల్లా యంత్రం తనను తాను కాపాడుకోవడానికి పని తగ్గించేస్తుంది. అప్పటిదాకా సెకనుకు తొంభై బొమ్మలు చూపిస్తూ నీళ్ళలా పారిన ఆట ముప్ఫైకి పడిపోయి కుంటుతుంది. ఈ లెక్క చెప్పడానికి తెర మూలన చిన్న పచ్చ అంకె ఒకటి ఉంటుంది. దానికి అబద్ధం ఆడటం తెలియదు. షోరూము మొత్తంలో మావయ్యకు గిట్టని వస్తువు అదొక్కటే.

ఇంకొకడైతే ఏం చేసేవాడు? ఆఫీసు పనికైతే ఇది తీసుకోండి, ఆటలకైతే ఆ లావుపాటిది తీసుకోండి అనేవాడు. రెండే రెండు ముక్కలు. మావయ్య ఆ రెండు ముక్కలూ గొంతులోనే దాచుకుని ఒక స్టాప్‌వాచీ కొనుక్కున్నాడు.

ఏసీ గాలి నేరుగా తగిలే చోట నల్లరాతి పలక వేయించాడు. రాయి చల్లగా ఉంటుంది. ల్యాప్‌టాప్ వెనక అంచు కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టాడు, అడుగు నుంచి గాలి ఆడటానికి. ఒకే రకానివి రెండు తెచ్చుకున్నాడు. ఒకటి ఆడుతుంటే రెండోది సొరుగులో చల్లారుతూ ఉండేది. ఇన్ని ముస్తాబులు చేసినా యంత్రం తొమ్మిది నిమిషాలకు మించి నిలబడలేదు. సరే, తొమ్మిది చాలన్నాడు. ఒక కార్ల ఆట ఎంచుకుని, ఆ తొమ్మిది నిమిషాలూ వేళ్ళకు కంఠస్థం చేసుకున్నాడు. మొదట పట్నం వీధులు, తర్వాత వంతెన, తర్వాత అడవి. ఎనిమిదిన్నర నిమిషాలకు కారు ఒక సొరంగంలో దూరుతుంది. లోపల దీపాలు మెరుస్తాయి, ఇంజను హోరు రెట్టింపవుతుంది, చూసేవాళ్ళ నోళ్ళు తెరుచుకుంటాయి. సరిగ్గా అప్పుడు మావయ్య మూత టప్పున మూసేసి, "మిగతాది మీ ఇంట్లో ఆడుకోండి సార్!" అనేవాడు. జనం పకపకా నవ్వుకుంటూ బిల్లుల కౌంటరుకు నడిచేవాళ్ళు.

ల్యాప్‌టాప్‌లు ఏడాదికోటి మారాయి. ఆట మారలేదు, సొరంగం మారలేదు, ఆ నవ్వులు కూడా మారలేదు.

ఎనిమిదేళ్ళు అదే పని చేసేసరికి తొమ్మిది నిమిషాలు ఆయన ఒంట్లో ఇంకిపోయాయి. భోజనం తొమ్మిది నిమిషాలు. ఆసుపత్రిలో చుట్టాన్ని పలకరించడం తొమ్మిది నిమిషాలు. భార్యతో గొడవ కూడా అంతే. ఆవిడ అసలు విషయానికి వచ్చేసరికి ఈయన లేచి చెప్పులు వేసుకునేవాడు. "మీ మావయ్యతో పాతికేళ్ళ కాపురం అనుకుంటారు అందరూ. కూడి చూస్తే ఆర్నెల్లు తేలుతుందేమో" అనేది అత్తయ్య. షోరూములో అందరూ చాటున ఆయన్ను 'తొమ్మిది నిమిషాలు' అనే పిలిచేవాళ్ళు. ఎదుట మాత్రం సార్.

తండ్రి మంచాన పడి మేనకోడలి చదువు మధ్యలో ఆగిపోయినప్పుడు ఈ ఉద్యోగం చూపించింది మావయ్యే. ఆ సంగతి ఆమెకు ఇంట్లో రోజుకోసారైనా గుర్తుచేసేవాళ్ళు. ఆయన ఆమెను కూర్చోబెట్టిన చోటు ఫిర్యాదుల కౌంటరు. మెట్ల కింద, వెలుతురు తక్కువ, ఒక బల్ల, ఒక కుర్చీ. ముందు వైపు మావయ్య తొమ్మిది నిమిషాలు అమ్మేవాడు. మెట్ల కింద మేనకోడలు పదో నిమిషాన్ని అందుకునేది.

వచ్చేవాళ్ళందరిదీ ఒకటే మాట. "ఇక్కడ బాగానే ఆడిందమ్మా, ఇంటికెళ్ళాక కుంటుతోంది." వాళ్ళకు చెప్పడానికి కంపెనీ ఆమెకు ఒక వాక్యం నేర్పింది: "అది లోపం కాదండీ, యంత్రం తనను తాను రక్షించుకుంటోంది." ఇది ఆమె రోజుకు ఇరవైసార్లు చెప్పేది. ఆ యంత్రం నుంచి తమను ఎవరు రక్షిస్తారని అడిగినవాళ్ళకు చెప్పే వాక్యం కంపెనీ నేర్పలేదు. ఒకాయన ల్యాప్‌టాప్‌ను ఫ్రిజ్జులో పెట్టి చల్లార్చి మరీ ఆడుతున్నానన్నాడు. ఇంకొకాయన ఒళ్ళో పెట్టుకుని ఆడి తొడ కాల్చుకుని, ఆ మచ్చ చూపిస్తానని ప్యాంటు పైకి లాగబోతే వద్దండీ అని బతిమాలాల్సి వచ్చింది. ఒక నర్సు మాత్రం అరవలేదు. డ్యూటీ దిగాక గంటసేపు ఆడుకుంటే తప్ప తనకు మనసు కుదుటపడదని, ఇప్పుడు ఆ గంటలో యాభై నిమిషాలు దీనితో కుస్తీ పట్టడమే సరిపోతోందని చెప్పి, నేర్పిన వాక్యం పూర్తిగా విని, "సరేనమ్మా" అని వెళ్ళిపోయింది. అరిచినవాళ్ళను మేనకోడలు సాయంత్రానికి మర్చిపోయేది. ఆవిడను మర్చిపోలేకపోయింది.

అలాంటి రోజుల్లో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. తొమ్మిది నిమిషాల ఖ్యాతి అక్కడిదాకా పాకిందట. కంపెనీ మనిషి ఒకాయన స్వయంగా వచ్చి చూస్తాడు. నచ్చితే మావయ్యను శిక్షకుడిగా వేసి, కంపెనీకున్న పదకొండు షోరూములకూ పంపి, ఈ పద్ధతి అందరికీ నేర్పిస్తారు.

ఇంట్లో సంబరమే సంబరం. అత్తయ్య కొత్త చొక్కా కుట్టించింది. తల్లి కూతురి ముందు కూర్చుని వేళ్ళు లెక్కపెట్టింది.

"పదకొండు షోరూములే! మీ మావయ్యంటే ఏమనుకున్నావు?"

"పదకొండు ఫిర్యాదుల కౌంటర్లు" అంది మేనకోడలు.

"ఏంటే గొణుగుతున్నావు?"

"ఏం లేదమ్మా. మంచిదేగా అంటున్నా."

ఆమె తన కుర్చీ లాంటి కుర్చీలు మెట్ల కింద వరసగా పదకొండు ఊహించుకుంది. ఒక్కో కుర్చీలో ఒక్కో ఆడపిల్ల, ఒక్కో పిల్ల నోట అదే వాక్యం. డెమో ఆ కంపెనీ మనిషికి నచ్చకపోతే బాగుండునని మాత్రం అనుకుంది. అంతకుమించి ఏం చేయాలో తోచలేదు.

కంపెనీ మనిషి ఒక మధ్యాహ్నం దిగాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, తన సరుకులాగే పల్చగా, తళతళలాడుతూ ఉన్నాడు. చంకలో ట్యాబు. మావయ్య చొక్కా మడతలు సర్దుకుంటూ ఎదురెళ్ళాడు. సొరుగులోది చల్లగా ఉందో లేదో అప్పటికే మూడుసార్లు చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"నాకు ఉత్త నాటకం వద్దండీ" అన్నాడు కంపెనీ మనిషి. "నిజం కస్టమరు ఎవరైనా వస్తే, వాళ్ళకు అమ్మి చూపించండి."

అద్దాల తలుపు తెరుచుకుంది. నెరిసిన ముడి, గుడ్డసంచీ, నడక బూట్లతో ఒకావిడ లోపలికొచ్చింది. ఆవిడకు ఎవరూ ఉప్పందించలేదు. ఆవిడ బస్సు దిగే చోటికి ఎదురుగా ఉన్న షోరూము ఇదొక్కటే, అంతే.

"రండమ్మగారూ, రండి! మనవడికా?" అన్నాడు మావయ్య.

"మనవడికెందుకు? నాకే."

"భేష్! సీరియళ్ళు చూసుకోవడానికి..."

"కార్ల ఆట ఆడటానికి. నేనూ మా చెల్లెలూ రోజూ రెండింటి నుంచి ఐదింటిదాకా ఆడతాం. అది వాళ్ళ ఊళ్ళో, నేను ఈ ఊళ్ళో. నా కంప్యూటరు నిన్న ప్రాణం వదిలింది. ఇవాళ అది ఒక్కతే ఆడుకుంటోంది పాపం. దీంట్లో ఆట నడుస్తుందా?"

"నడవడమేంటమ్మగారూ, పరిగెడుతుంది!" అని మావయ్య కవరులోంచి ల్యాప్‌టాప్‌ను సర్రున లాగాడు.

"కవరులో పెట్టి నేనెవరికి పంపాలి బాబూ? ముందు ఆట పెట్టు."

పెట్టెలు మోసేవాళ్ళు అప్పటికే పని ఆపి చుట్టూ చేరారు. మెట్ల సందులోంచి నల్లరాతి పలక సూటిగా కనిపిస్తుంది కాబట్టి మేనకోడలు కూర్చున్నచోటు నుంచి కదలకుండానే అంతా చూసింది. మావయ్య అలవాటుగా కుర్చీలో కూర్చోబోయాడు. ఆవిడ ఆయన భుజం మీద వేలితో తట్టింది.

"లే. ఆడేది నేను కదా?"

ఎనిమిదేళ్ళలో ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వని మనిషి, కంపెనీ ఆయన చూస్తున్నాడని నవ్వుముఖం పెట్టుకుని లేచాడు. ఆవిడ కూర్చుని కీల మీద వేళ్ళు ఆనించిన తీరు చూస్తేనే తెలిసిపోయింది, ఇది ఆవిడకు కొత్త కాదని. ఇరవై ఎనిమిదేళ్ళు టైపు నేర్పానని ఆడుతూనే చెప్పింది. పట్నం వీధులు దాటింది. వంతెన దాటింది. మావయ్య మాటలు కారుకన్నా వేగంగా పోతున్నాయి. కళ్ళు మాత్రం స్టాప్‌వాచీ మీదున్నాయి. కారు సొరంగంలో దూరింది. దీపాలు మెరిశాయి. ఆయన చెయ్యి దానంతటదే మూత మీదికి వెళ్ళింది.

"మిగతాది మీ ఇంట్లో ఆడుకోండమ్మగారూ!"

ఆవిడ ఆ చేతి మీద టపీమని ఒక్కటిచ్చింది.

"నా క్లాసులో గంట కొట్టకముందు మూత ముట్టుకున్నవాణ్ణి బయట నిలబెట్టేదాన్ని. ఇంట్లో ఎలా ఆడుతుందో చూడటానికే కదా ఇక్కడికొచ్చాను? నాకేం తొందర లేదు. నా బస్సు ఐదున్నరకు."

జనం గొల్లున నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు, కాకపోతే ఆయన నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే గొంతు పెంచింది. "మెట్ల కింద కూర్చున్న అమ్మాయ్! నీ నెత్తిన ఫిర్యాదులని బోర్డుంది. నువ్వు చెప్పు, దీన్ని ఆపకుండా ఆడితే ఏమవుతుంది?"

అందరి తలలూ ఇటు తిరిగాయి. మావయ్య కళ్ళు పెద్దవి చేసి చూశాడు. ఆ చూపులో బెదిరింపు ఉంది, బతిమాలడమూ ఉంది. నేర్పిన వాక్యం మేనకోడలి నాలుక చివరే ఉంది. యంత్రం తనను తాను రక్షించుకుంటోంది. దాన్ని బయటికి రానివ్వడానికి ఇరవైసార్ల అలవాటు చాలు. ఆమె గొంతు సవరించుకుంది.

"కాసేపు కూర్చోండమ్మా. మీకే తెలుస్తుంది."

ఆమె చేసిన కుట్ర మొత్తం ఇదే.

పదో నిమిషం వచ్చింది. పచ్చ అంకె తొంభై నుంచి డెబ్బై ఒకటికి, అక్కణ్ణించి నలభై నాలుగుకు, ముప్ఫై ఒకటికి మెట్లు దిగింది. ఫ్యాను ఈల అందుకుంది. కారు ఒక చెట్టు దగ్గర మాయమై రెండో చెట్టు దగ్గర తేలింది.

"ఇదేంటి బాబూ, కీలు ఇస్త్రీపెట్టెలా కాలుతున్నాయి?"

"ఇవాళ బయట ఎండ ఎక్కువ కదమ్మగారూ."

"లోపల ఏసీ పెట్టుకుని బయటి ఎండ మీదికి తోస్తావేంటి?"

"ఇంటర్నెట్టు కాస్త నెమ్మదిగా..."

"ఇంటర్నెట్టు నెమ్మదైతే వేళ్ళు కాలతాయా?"

"కరెంటు హెచ్చుతగ్గులండీ. కొత్తది కదా, నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుంది..."

"చెప్పులు కాదు కదా బాబూ, వాడితే సర్దుకోవడానికి!"

మావయ్య ఓడిపోయే మనిషి కాదు. ఒక సాకు పడిపోతే ఇంకోటి లేపుతున్నాడు. కంపెనీ మనిషి చేతులు కట్టుకుని నిశ్చింతగానే ఉన్నాడు. ఆ సాకుల్లో కొన్ని ఆయన ఆఫీసులో రాసి పంపినవే. ఇలాగే ఇంకో అరగంట గడిస్తే ఏ ముసలావిడైనా విసిగి లేచిపోతుంది. మావయ్య నష్టపోయేది ఒక్క బేరం. పదకొండు షోరూములు ఎక్కడికీ పోవు.

ఇరవై రెండో నిమిషంలో కారు కుంటుకుంటూ ఒక కొండ ఎక్కింది. కొండ అంచుకు చేరింది. అవతల తెర నిండా నీలం పరుచుకుంది. అలలు, ఒడ్డు, ఒడ్డు వెంట ఎంత దూరమో పోయే రోడ్డు.

మావయ్య సాకు మధ్యలో ఆగిపోయాడు. కొత్త చొక్కా వేసుకున్న ఆ పెద్దమనిషి బల్ల మీదికి వంగి, తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు.

"ఇదేంటి! ఈ ఆటలో సముద్రం ఉందా?"

టీచరమ్మ కీల మీంచి చేతులు తీసి కుర్చీ ఆయనవైపు తిప్పింది.

"ఎన్నాళ్ళ నుంచి చూపిస్తున్నావు బాబూ ఈ ఆట?"

"ఎనిమిదేళ్ళండీ" అన్నాడు మావయ్య. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పిన మొదటి నిజం అది.

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా ఆ సొరంగం దాటి వెళ్ళలేదా?"

ఆటలకు మేటి అని ఊరందరి చేతా కొనిపించినవాడు, ఆ ఆటలో సొరంగం తర్వాత ఏముందో చూడనే లేదు. పెట్టెలు మోసేవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు. బిల్లుల కౌంటరు ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి గోడౌనులో ఎవరైనా తెలివితక్కువ మాట అంటే "సముద్రం ఉందా?" అనడం ఆనవాయితీ అయిపోయింది. కంపెనీ మనిషి ఒక్కడే నవ్వలేదు. ట్యాబులో ఏదో రాసుకున్నాడు.

"ఆ కింద అరలో దుమ్ము కొట్టుకుని ఉన్న లావుపాటిది ఇటు తియ్యి" అంది టీచరమ్మ.

"అది బరువండీ..."

"ఇరవై ఎనిమిదేళ్ళు టైపు మిషన్లు మోశాను. ఇదొక బరువా?"

దాని మీద ఐదింటిదాకా ఆడింది. పచ్చ అంకె ఉన్నచోటు నుంచి కదల్లేదు. బిల్లు వేయించుకుని, పెట్టెను గుడ్డసంచీలో దింపుకుని, బస్సు వేళకు వెళ్ళిపోయింది.

తర్వాత కంపెనీ మనిషి మావయ్యను అద్దాల గదిలోకి పిలిచాడు. బయటివాళ్ళకు బొమ్మ కనిపిస్తుంది, మాట వినిపించదు. మావయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ వెనక గుమ్మం వైపు నడిచారు. చూసినవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? సాయంత్రానికి కథ తయారైపోయింది.

ఇంట్లో తల్లి నిప్పులు చెరిగింది. "'కాసేపు కూర్చోండి' అన్నావటే! ఆ ఒక్కమాట అనకపోతే నీ సొమ్మేం పోయేది? వాడు చూపించిన ఉద్యోగంలో కూర్చుని వాడి గాలే తీస్తావా?"

మేనకోడలికి ఏడుపు రాలేదు. పదకొండు కుర్చీలు తప్పిపోయాయి కదా అన్న ధైర్యంలో ఉంది.

మర్నాడు ఉదయం షోరూము తెరవడానికి ఇంకా అరగంట ఉందనగా ఆమె వెళ్ళేసరికి లోపల ఫ్యాను ఈల వినిపించింది. నల్లరాతి పలక ముందు మావయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తెర మీద కారు సముద్రం పక్కనే కుదుపులు కుదుపులుగా పోతోంది.

"గంట నుంచి ఆడుతున్నానే" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఈ రోడ్డు అయిపోదేంటి?"

"మావయ్యా, నిన్న లోపల ఏమన్నారు?"

"తిట్టాడనుకున్నావా?" ఆయన నవ్వాడు. "'సముద్రం సంగతి మీకు నిజంగానే తెలియదా' అన్నాడు. తెలియదన్నాను. 'అదే మీ బలం' అన్నాడు. తెలిసి చెప్పేవాడి మొహంలో ఎక్కడో ఒకచోట దొరికిపోతుందట. నా మొహంలో దొరకదట, ఎందుకంటే నాకు తెలియదు. 'మీ మనుషులెవరినీ సొరంగం దాటనివ్వకండి, ఇలాగే నేర్పండి' అన్నాడు. కాకపోతే తొమ్మిది కాదు, ఏడు నిమిషాలకు కుదించమన్నాడు. తొమ్మిది ప్రమాదమట."

"ఆవిడ ముందు అంత జరిగాక కూడానా?"

"అలాంటి ముసలమ్మలు వెయ్యికొకరు ఉంటారట. లెక్క చూసుకునే చెప్పాడు."

"వెళ్ళకు మావయ్యా. వెళ్ళినా ఇది నేర్పకు. ఏది దేనికి పనికొస్తుందో చెప్పి అమ్మడం నేర్పు. నిన్న ఆ లావుపాటిది నువ్వే కదా అమ్మావు?"

"నేను అమ్మలేదే. ఆవిడ కొనుక్కుంది."

"అయితే ఒక్కరోజు వచ్చి నా కుర్చీలో కూర్చో. వచ్చేవాళ్ళ మొహాలు చూడు. చూశాక నీ ఇష్టం."

ఆయన కీల మీంచి చేతులు తీశాడు. కారు దాని మానాన అది రోడ్డు దిగి, ముక్కలు ముక్కలుగా కదులుతూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. "నాకు ఇంకేం వచ్చునే, నేర్పడానికి?" అన్నాడు. ఆ గొంతులో అమ్మకం లేదు. మేనకోడలు ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. ఇదే అదననుకుని ఆమె గబగబా నర్సు సంగతి మొదలుపెట్టింది. డ్యూటీ దిగి వచ్చే మనిషని, గంటసేపే ఆడుకుంటుందని, ఆ గంటలో...

మావయ్య స్టాప్‌వాచీ చూసుకున్నాడు. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"వస్తా తల్లీ. కంపెనీ కారు వచ్చుంటుంది. సాయంత్రం చెబుదువుగాని."

ఏ సాయంత్రమో చెప్పలేదు. ఆమె నోట్లో నర్సు మాట సగంలోనే ఉండిపోయింది.

కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ రోజు మావయ్య ఆట ఆడనే లేదు కాబట్టి ఓడిపోయే ప్రశ్నే లేదు. కార్డు తీసి పెట్టింది కొత్తది ఇస్తామన్నారని. వెనక గుమ్మం నుంచి నడిచింది కంపెనీ కారు అక్కడ ఆగి ఉందని. రాజీనామా ఎవరూ రాయలేదు. ఆయన్ను శిక్షకుడిగా వేసిన ఉత్తర్వు నోటీసు బోర్డు మీద నాలుగు నెలలుగా వేలాడుతోంది. కథ చెప్పేవాళ్ళు దాని కిందే నిలబడి చెబుతారు. పదకొండు షోరూముల్లో ఏడింటిలో ఆయన నేర్పడం పూర్తయింది.